కొండ అందం ఊరికి కూడు పెడుతుందా? జపాన్ రాతి కొండల నుంచి మనకో మాట



పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదివాక తిట్టినా పర్లేదు, చదవకుండా మాత్రం తిట్టకండి.

మన పిల్లలు ఎక్కడ నలుగురు కలిసినా ఈ మధ్య ఒకటే వాదన. "మన కొండలు చూడ్డానికి జనం వస్తే ఊళ్ళు బాగుపడతాయి, మనకీ పని దొరుకుద్ది" అని కొందరు. "వాళ్ళొస్తే చివరికి మనమే పోతాం" అని ఇంకొందరు. మా హాస్టల్లో రాత్రి అన్నాలయ్యాక ఇదే గొడవ. అందుకే ఈ పని మనకన్నా చాలా ముందు మొదలుపెట్టి, మనకన్నా చాలా పద్ధతిగా చేస్తున్న ఒక దేశం సంగతి తీసుకుందాం అనుకున్నాం. అదే జపాన్. మేం అక్కడికి వెళ్ళలేదు, వెళ్ళే డబ్బులూ లేవు. చదివి, చూసి తెలుసుకున్నదే రాస్తున్నాం.

మా మాట ముందే చెప్పేస్తాం. కొండను చూడ్డానికి ఎంతమంది వచ్చినా, ఆ కొండ మీద ఆధారపడి బతికేవాళ్ళు లేకపోతే ఆ ఊరు నిలబడదు. టూరిజం కూరలో ఉప్పు లాంటిది. ఉప్పు ఉండాలి, కానీ ఉప్పు తిని ఎవరూ కడుపు నింపుకోలేరు.

టోక్యోకి వాయవ్యంగా గున్మ అనే జిల్లా ఉంది. అక్కడ మూడు కొండలకి పెద్ద పేరు: అకగి, హరున, మ్యోగి. మనం చెప్పుకునేది మ్యోగి గురించి. దాని ఎత్తు 1,104 మీటర్లే. మన పాడేరు, అరకు వైపు 1,600 మీటర్లు దాటిన కొండలున్నాయి కాబట్టి ఎత్తులో అది మనకి గొప్పేం కాదు. దాని గొప్పంతా ఆకారంలో ఉంది. ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన రాయి లక్షల ఏళ్ళ పాటు వానకి, గాలికి అరిగి అరిగి రంపం పళ్ళలా మిగిలింది. కింద పొలాల్లోంచి చూస్తే ఆకాశాన్ని ఎవరో కోస్తున్నట్టు ఉంటుంది. జపాన్ మొత్తం మీద మూడు వింత దృశ్యాలు అని పాతకాలం నుంచి లెక్కపెట్టే వాటిలో ఇదొకటి. మిగతా రెండు యబాకెయి, కంకాకెయి. అవి కూడా రాతి లోయలే.

మ్యోగిలో మామూలు జనం నడిచే దారి ఒకటుంది. రాయి మధ్యలో తొలిచినట్టు సహజంగా ఏర్పడ్డ నాలుగు రాతి ద్వారాల కిందుగా అది వెళ్తుంది. కొన్ని చోట్ల బండకి ఇనప గొలుసులు దిగేసి ఉంటాయి, వాటిని పట్టుకుని ఎక్కాలి, దిగాలి. ఒక చోటికి "పీత అడ్డనడక" అని పేరు. అక్కడ నిజంగానే బండకి ముఖం పెట్టి పక్కకి నడవాలి. అక్టోబరు చివర, నవంబరులో ఆకులు ఎర్రబడినప్పుడు ఈ దారికి జనం బాగా వస్తారు.

పైన శిఖరాల అంచు మీదుగా వెళ్ళే దారి వేరే. అది అనుభవం ఉన్నవాళ్ళకే. అందులో ఒక నిలువు బండకి పెట్టిన పేరుకి అర్థం, డేగ కూడా వెనక్కి మళ్ళే చోటు అని. అక్కడ ప్రాణాలు పోయిన సంగతి దాచిపెట్టరు. బోర్డు మీద రాస్తారు, మ్యాపులో రాస్తారు. ఎక్కేముందు పేరు, వెళ్ళే దారి, దిగే సమయం రాసి కాగితం ఇవ్వమంటారు. ఎలుగుబంట్లు ఉన్న కొండల్లో సంచికి చిన్న గంట కట్టుకుని నడుస్తారు. మన తాతలు అడవికెళ్తే గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళమనేవాళ్ళు చూడండి, ఆ తెలివే ఇదీ.

అదే ప్రాంతంలో అరఫునె అనే కొండ ఉంది, 1,423 మీటర్లు. దూరం నుంచి బోర్లించని పడవలా, పైన చదునుగా ఉంటుంది. ఒక చివర నిలువునా తెగిన పెద్ద బండ అంచు. మనమంతా హాస్టల్ టీవీలో చూసి పడీ పడీ నవ్విన షిన్‌చాన్‌ ఉన్నాడు కదా, వాడిని పుట్టించిన బొమ్మల కథకుడు యోషితో ఉసుయి 2009 సెప్టెంబరులో ఒక్కరే ఈ కొండకి వెళ్ళి ఆ అంచు కింద శవమై దొరికారు. ఇంత పద్ధతి ఉన్న దేశంలో కూడా కొండ కొండే. అది ఎవరి పేరూ చూడదు. మన దగ్గర సెల్ఫీ కోసం అంచు మీదకి పోయే తమ్ముళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా చాలు.

ఇంకో సంగతి మమ్మల్ని బాగా పట్టుకుంది. మ్యోగి కొండల్లో నకనోతకె అని ఒక గుడి ఉంది. దానికి గర్భగుడి లేదు. వెనకున్న పెద్ద బండే దేవుడు, దానికే మొక్కుతారు. మన కొండదేవతకి గోడలు, పైకప్పు ఎందుకు లేవని అడిగేవాళ్ళకి ఇది చెప్పండి. రాయికి, చెట్టుకి, కొండకి మొక్కడం వెనకబాటుతనం అని మనల్ని స్కూల్లో ఎగతాళి చేసినవాళ్ళున్నారు. బుల్లెట్ రైళ్ళు కట్టిన దేశం బండకి మొక్కుతుంటే దాన్ని సంస్కృతి అంటారు, మనం మొక్కితే మూఢనమ్మకం అంటారు. ఈ రెండు తూకాలు ఎందుకో అడగాల్సింది మనమే.

ఇంతవరకు చదివితే జపాన్ కొండలకి అన్నీ బాగానే ఉన్నాయి అనిపిస్తుంది. అసలు కథ కొండ కింద ఉంది.

ఈ రాతి కొండలు ఒకప్పుడు చూడ్డానికి కాదు, బతకడానికి. మ్యోగికి దగ్గర్లోనే టొమియోకా ఊళ్ళో 1872లో జపాన్ ప్రభుత్వం పెద్ద పట్టు మిల్లు పెట్టింది. చుట్టుపక్కల కొండ ఊళ్ళన్నీ పట్టుపురుగులు పెంచేవి. పురుగు గుడ్లు ఎండకి ముందే పగిలిపోకుండా చల్లగా ఉంచాలి. అప్పట్లో ఫ్రిజ్‌లు ఎక్కడివి? అరఫునె దగ్గర కొండవాలులో రాళ్ళ సందుల్లోంచి వేసవిలో కూడా చల్లటి గాలి వస్తుంది. 1905 నుంచి అక్కడ రాతి గోడలు కట్టి, ఆ గాలితోనే గుడ్లు నిలవ చేశారు. దాంతో ఏడాదికి ఒక్కసారి కాకుండా చాలాసార్లు పురుగుల్ని పెంచగలిగారు. కొండని పిండి చేయకుండా, కొండ ఊపిరిని వాడుకున్నారన్నమాట. మిల్లు, ఈ చల్లగాలి గోదాము, ఇంకో రెండు చోట్లు కలిపి 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. కానీ జాబితాలో చేరేనాటికి మిల్లూ ఆగిపోయింది, గోదామూ ఆగిపోయింది. ఇప్పుడు అవి చూడ్డానికే.

రెండో పంట మనకి చుట్టమే. అక్కడ దాని పేరు కొన్న్యాకు. మన కంద ఉంది చూడండి, ఆ జాతిదే ఈ దుంప కూడా. పచ్చిగా తింటే మన కందలాగే నోరు దురద. మనం చింతపండు వేసి దురద పోగొడతాం, వాళ్ళు పిండి చేసి సున్నపు నీళ్ళతో గట్టిపరిచి ముక్కలుగా కోస్తారు. దుంప అమ్మకానికి పెరగాలంటే రెండు మూడేళ్ళు పడుతుంది. ప్రతి చలికాలం తవ్వి దాచి, మళ్ళీ వసంతంలో నాటాలి. జపాన్‌లో పండే కొన్న్యాకులో 90 శాతం పైగా ఒక్క గున్మలోనే పండుతుంది. నీళ్ళు నిలవని ఏటవాలు రాతి నేల దానికి బాగా పడేది. మన పోడు మెట్టల్లాంటి నిలువు వాలుల్లో నడుం వంచి పండించి ఆ ఊళ్ళు బాగా బతికాయి.

ఆ ఊళ్ళలో ఒకటి నన్మొకు. చుట్టూ రాతి శిఖరాలు, జలపాతాలు. ఫొటో ఎటు తీసినా బాగుంటుంది. 1955లో అక్కడ పదివేల మందికి పైగా ఉండేవాళ్ళు. 2020 నాటికి రెండు వేలు కూడా లేరు. ఉన్నవాళ్ళలో నూటికి 60 మందికి పైగా 65 ఏళ్ళు దాటినవాళ్ళే. దేశం మొత్తంలో ముసలివాళ్ళ శాతం ఇంత ఎక్కువగా ఉన్న ఊరు ఇంకోటి లేదు. 2014లో జపాన్‌లో కనుమరుగయ్యే ప్రమాదం ఉన్న 896 ఊళ్ళు, పట్టణాల జాబితా వచ్చింది. అందులో మొదటి పేరు నన్మొకుదే.

ఎవరు వెళ్ళగొట్టారు వాళ్ళని? ఎవరూ కాదు. ఆనకట్ట రాలేదు, గని రాలేదు, పోలీసు రాలేదు. పట్టు ధర పడిపోయింది. కొన్న్యాకు సాగు ట్రాక్టరు తిరిగే చదును భూములకి వెళ్ళిపోయింది. వాలు మీద చేత్తో తవ్వేవాడు వాటితో పోటీ పడలేకపోయాడు. 1964లో బయటి దేశాల కలపకి తలుపులు బార్లా తీశారు, దాంతో కొండల మీద నాటిన కలప చెట్లకి గిరాకీ తగ్గింది. పిల్లలు చదువుకోడానికి కిందకి దిగారు. చదువయ్యాక పని కూడా కిందనే దొరికింది. తిరిగి రాలేదు. అంతే. ఒక్కో ఇల్లూ తాళం పడింది.

జపాన్ నేలలో మూడింట రెండు వంతులు అడవే. అందులో దాదాపు 40 శాతం మనుషులు నాటిన చెట్లు, ఎక్కువగా సుగి అనే దేవదారు లాంటి చెట్టు. యుద్ధం తర్వాత వరసగా నాటేశారు, నరికి అమ్మేవాళ్ళు తగ్గిపోయారు. ఇప్పుడు ప్రతి వసంతంలో ఆ పుప్పొడికి కోట్ల మందికి తుమ్ములు, కళ్ళ మంటలు. పొలాలు బీడుపడితే ఊరికీ అడవికీ మధ్య ఉండే ఎడం పోయింది. ఎలుగుబంట్లు, అడవి పందులు, కోతులు నేరుగా ఇళ్ళ మీదకి వస్తున్నాయి. అడవిని కాపాడాలంటే అందులోంచి మనుషుల్ని పంపించెయ్యాలి అని మనకి పాఠం చెప్పేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

మరి టూరిస్టులు వస్తున్నారు కదా, వాళ్ళ డబ్బు ఏమైంది? ఇక్కడే మన వాదనకి జవాబుంది. టోక్యోలో పొద్దున్న బుల్లెట్ రైలెక్కితే గంట లోపే తకసకి. అక్కడి నుంచి చిన్న రైలు, లేదా కారు. మధ్యాహ్నానికి కొండ ఎక్కి దిగి, వేడినీళ్ళ స్నానం చేసి, రాత్రికి ఇంటికెళ్ళిపోవచ్చు. అన్నం పొట్లం కూడా ఇంటి దగ్గరే కట్టుకొస్తారు. ఆకులు ఎర్రబడ్డ నాలుగు వారాలు సందడి, మిగతా ఏడాది ఖాళీ. నాలుగు వారాల సందడి ఒక టీ కొట్టుని నిలబెట్టొచ్చు. ఒక బడిని నిలబెట్టలేదు, ఒక డాక్టరుని ఊళ్ళో ఉంచలేదు. పిల్లలు లేక బడి మూతపడ్డాక, ఆ ఊరికి ఏ కొత్త సంసారం వస్తుంది?

ఇక్కడ ఒక అన్న అడగొచ్చు. "వాళ్ళు జపాన్ వాళ్ళు, ఆదివాసీలు కాదు. మన కథ వేరు" అని. నిజమే. అందుకే జపాన్ ఆదివాసీల కథ కూడా చెప్పాలి. ఉత్తరాన హొక్కైదో దీవి ఐను జాతి వాళ్ళ నేల. అక్కడ దైసెట్సుజాన్ అనే కొండల గుంపు ఉంది. ఐను వాళ్ళు దాన్ని "కముయ్ మింతర" అంటారు, దేవుళ్ళు ఆడుకునే చోటు అని. 1934లో అది నేషనల్ పార్కు అయింది. దాని అంచున స్తంభాలు పేర్చినట్టు నిలువు రాతి గోడలున్న లోయ, దాదాపు 24 కిలోమీటర్లు. దాని పేరు సోఉన్‌క్యో. ఆ పేరు ఐను మాట నుంచే వచ్చింది, జలపాతాలున్న నది అనే అర్థంలో. 1921లో ఓమాచి కెయిగెట్సు అనే జపాన్ రచయిత ఆ శబ్దాన్ని జపాన్ అక్షరాల్లోకి మార్చి, మబ్బులూ లోయా అనే అర్థం వచ్చేలా కొత్త పేరు కట్టాడు. ఇప్పుడు టూరిస్టులకి తెలిసింది ఆ పేరే. మన గూడేల పేర్లు రెవెన్యూ రికార్డులో ఎట్లా మారాయో ఒకసారి గుర్తుచేసుకోండి.

పేరుతోనే ఆగలేదు. సాల్మన్ చేప పట్టొద్దన్నారు, జింకని వేటాడొద్దన్నారు. 1899లో "రక్షణ" అనే పేరుతో ఒక చట్టం తెచ్చి ఐను వాళ్ళని వ్యవసాయంలోకి, జపాన్ భాషలోకి తోశారు. ఆ చట్టం పోడానికి 1997 దాకా పట్టింది. అదే 1997 మార్చిలో నిబుతాని డ్యామ్ కేసులో సప్పొరో జిల్లా కోర్టు ఐను వాళ్ళు మూలవాసులే అని ఒప్పుకుంది, వాళ్ళ భూమి తీసుకోడం చట్టవిరుద్ధం అని చెప్పింది. కానీ డ్యామ్ అప్పటికే కట్టేశారు కాబట్టి ఉండనిచ్చింది. అదే ఏడాది జూలైలో మన సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదు అని. ఒకే ఏడాది, రెండు దేశాలు. వాళ్ళకి తీర్పు డ్యామ్ తర్వాత వచ్చింది. మనకి చాలా కొండలు ఇంకా కొండలుగా ఉండగానే వచ్చింది. ఈ తేడా విలువ మనం గుర్తించాలి.

2019లో ఐను వాళ్ళని మూలవాసులుగా చెబుతూ జపాన్ కొత్త చట్టం చేసింది. 2020లో ఉపొపొయ్ అని పెద్ద మ్యూజియం తెరిచారు. అక్కడ ఐను నాట్యం, పాట, ఇళ్ళు, బట్టలు అన్నీ చూడొచ్చు. మంచిదే. కానీ నదిలో బతుకుతెరువు కోసం సాల్మన్ పట్టుకునే హక్కు మాదని ఒక ఐను సంఘం కోర్టుకెళ్తే, 2024 ఏప్రిల్‌లో సప్పొరో జిల్లా కోర్టు కుదరదంది. పండగ తంతుకి అనుమతి తీసుకుని పట్టుకోవచ్చు, బతకడానికి మాత్రం కాదు. అంటే ఆట చూపించే హక్కు ఉంది, చేప పట్టే హక్కు లేదు. ఈ ఒక్క వాక్యం మన గ్రూపులో అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే మనల్ని కూడా స్టేజీ ఎక్కించి ధింసా ఆడించేవాళ్ళకి కొదవ లేదు. ఆ స్టేజీ కింద నేల ఎవరిది అని అడిగితేనే మొహాలు మారతాయి.

కాబట్టి కొండ చేజారడానికి రెండు దార్లున్నాయి. ఒకటి ఐను దారి, బయటివాళ్ళు వచ్చి తీసుకోడం. రెండోది నన్మొకు దారి, మనమే వదిలేసి వెళ్ళడం. మొదటిదాని గురించి మనకి తెలుసు. 1/70 గురించి, పెసా గురించి, అటవీ హక్కుల చట్టం గురించి మన పెద్దలు కొట్లాడారు, మనమూ మాట్లాడుతున్నాం. రెండోదాని గురించి మనం అసలు మాట్లాడటం లేదు. ఎందుకంటే ఆ దారిలో నడుస్తున్నది మనమే. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. మా అమ్మానాన్నలు "నువ్వైనా ఈ కొండలు దిగిపో" అనే మమ్మల్ని పంపించారు. వాళ్ళ కష్టం అలాంటిది, వాళ్ళని తప్పు పట్టలేం. కానీ అందరం దిగిపోతే ఆ పట్టా ఎవరి చేతిలో ఉంటుంది? గ్రామసభలో చెయ్యెత్తేది ఎవరు? ఖాళీ ఊరికి చట్టం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అందరూ చదువు మానేసి వెనక్కి రండి అని మేం అనం. అలా అంటే మాకే నవ్వొస్తుంది. మేం అనేది ఇంతే.

టూరిజం వస్తే రానిద్దాం, కానీ షరతు మనది కావాలి. వంజంగి మబ్బుల కోసం తెల్లారకముందే జనం ఎక్కుతున్నారు. దారి ఎటు వెయ్యాలి, రోజుకి ఎంతమంది, వసూలైన డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అనేది అక్కడి గ్రామసభ తేల్చాలి. రాత్రి ఉండేవాళ్ళు ఉంటే మన ఇళ్ళల్లో ఉండాలి, మన పేరు వెనక ఇంకెవరో కట్టిన రిసార్టుల్లో కాదు. మ్యోగిలో లాగా ప్రమాదం ఉన్న చోట నిజం రాసిన బోర్డు ఉండాలి. మొక్కే చోటు ఏదో, నడిచే చోటు ఏదో ఊరు చెప్పాలి, వచ్చేవాళ్ళు వినాలి.

దానికన్నా ముందు కూడు సంగతి. మన కాఫీ, మిరియం, పసుపు, చింతపండు, రాజ్‌మా, తేనె, కంద. వీటికి ధర ఉంటేనే ఊరు ఉంటుంది. కొన్న్యాకు కథ చెప్పేది అదే. అందుకే మన పిల్లలు ఎంచుకునే చదువుల్లో కొన్నైనా కొండకి పనికొచ్చేవి ఉండాలి. అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, పశువైద్యం, నర్సింగ్, సర్వే, లా. భూమి కొలవడం వచ్చిన మన పిల్ల ఒక్కతి ఊళ్ళో ఉంటే, మేం పది పోస్టులు రాసినదానికన్నా ఎక్కువ.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక పని చేద్దాం. ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి తాళాలు పడ్డాయో లెక్క రాద్దాం. బడిలో పిల్లలెంతమంది, ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు ఎంతమంది ఊళ్ళోనే ఉన్నారు, పట్టా ఎవరి పేరు మీద ఉంది. నాలుగు లెక్కలు, ఒక నోటుబుక్కు చాలు. ఇక్కడ పెట్టండి. మన ఊళ్ళు ఏ దారిలో ఉన్నాయో ముందు మనకి తెలియాలి.

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి. జవాబు చెప్తాం. జోహార్.